ముందూ కాదు, తరువాతా కాదు, అన్నంతో పాటు

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మధుమేహం మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నడక గురించి, పాదాల జాగ్రత్త గురించి, ఇన్సులిన్ సూది గురించి చెప్పవలసినవి చక్కగా చెప్పారు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘క్లోమం అంటే ఇన్సులిన్‌ను తయారుచేసే గ్రంథి’ అని ఉంది అక్కడ. అది అబద్ధం కాదు. కానీ ఆ గ్రంథిలో ఇన్సులిన్ తయారయ్యే భాగం నూటికి ఒకటి రెండు పాళ్లే. మిగిలిన తొంభై ఎనిమిది పాళ్లూ ఏం చేస్తున్నాయో ఆ వ్యాసంలో లేదు. ఆ మిగిలిన భాగం సంగతి తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఒక మనిషి ఎనిమిది నెలల పాటు కడుపునిండా తింటూనే ఎండిపోయాడు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైనా కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను.

నేను ఉమ్మడి గుంటూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత తెనాలిలో ఉంటున్నాను. మా తమ్ముడిది రేపల్లె దగ్గర పల్లె. వరి వేసి, కోతలకు ముందు ఆ చేలోనే మినుములు చల్లుకునే మామూలు రైతు. అతనికి ముప్పై నాలుగో ఏట నొప్పి మొదలైంది. పొట్ట పైభాగంలో పుట్టి, గునపం దింపినట్టు వీపులోకి పోయేది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువయ్యేది. మంచం మీద మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఊరట. అలా కూర్చునే ఎన్ని రాత్రులు తెల్లవార్చాడో మా మరదలికి తెలుసు. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, దిష్టి కూడా తీయించారు. చివరికి స్కానింగులో తేలింది: క్లోమం కుంచించుకుపోయింది, దాని నాళంలో రాళ్లు పేరుకున్నాయి. దీర్ఘకాలిక క్లోమ శోథ, అంటే క్లోమం ఏళ్ల తరబడి వాచి పాడైపోయే జబ్బు.

ఆ రోజు నుంచి అతను విన్న మొదటి ప్రశ్న ఒక్కటే. ‘ఎంత తాగుతావు?’ ఆసుపత్రిలో అడిగారు, బస్సులో పక్క సీటాయన అడిగాడు, వియ్యాలవారు అడిగారు. మా తమ్ముడు కల్లు కూడా ముట్టని మనిషి. ‘తాగను’ అంటే, ‘అందరూ అలాగే అంటారు’ అని నవ్వేవారు. మద్యం వల్ల క్లోమం పాడవుతుందన్నది నిజం. పిత్తాశయంలో రాళ్లున్నా, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు బాగా పెరిగినా పాడవుతుంది. కానీ ఏ అలవాటూ లేని వాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. కేరళలో, మన దక్షిణ భారతంలో అలాంటి వాళ్లు చిన్న వయసులోనే దీని బారిన పడడం వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నారు. దీనికి ఒక కారణాన్ని మన హైదరాబాదులోనే పట్టుకున్నారు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు మందు సంగతి.

నొప్పికి చికిత్స జరిగింది, తగ్గింది. ఆ తరువాత అసలు కష్టం వచ్చింది. అన్నం బాగానే తినేవాడు. అయినా నెల నెలకూ మనిషి తరిగిపోయాడు. 62 కిలోలున్నవాడు 47కి దిగాడు. మొలతాడు రెండుసార్లు బిగించవలసి వచ్చింది. ఒక మధ్యాహ్నం మా మరదలు పెరట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. ‘వదినా, ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆయన దొడ్డికి వెళ్లి వచ్చాక ఎన్ని బకెట్ల నీళ్లు పోసినా జిడ్డు వదలడం లేదు. నూనె తెట్టులా పైన తేలుతోంది. వాసన భరించలేకపోతున్నాం.’ ఆ మాట చెప్పడానికి ఆమె ఎంత కుంచించుకుపోయిందో నాకు తెలుసు. పత్రికలో రాయడానికి నాకూ కొంచెం జంకుగానే ఉంది. కానీ జబ్బు దొరికింది ఆ మాట దగ్గరే. తిన్న నెయ్యి, నూనె ఒంటికి పట్టకుండా వచ్చినది వచ్చినట్టు బయటకు పోతున్నాయి.

దానికి మందు లేక కాదు. ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉంది. క్లోమరసంలో ఉండవలసిన, తిన్నదాన్ని అరిగించే ఎంజైములనే గొట్టం మాత్రల్లో నింపి ఇస్తారు. వైద్యుడు చీటీ మీద ఇంగ్లీషులో ‘భోజనంతో’ అనే రాశాడు. మందుల దుకాణంలో ఇచ్చే కాగితపు కవరు మీద ‘ముందు’, ‘తరువాత’ అని రెండు గళ్లు అచ్చేసి ఉంటాయి కదా. కౌంటరు దగ్గర అబ్బాయి ‘తరువాత’ గడిలో టిక్కు పెట్టాడు. మూడో గడి లేదు. మా తమ్ముడు ఏడున్నరకు అన్నం తిని, అరుగు మీద పదిమందితో కూర్చుని, తొమ్మిదిన్నరకు పడుకోబోయే ముందు బీపీ మాత్రతో పాటు దాన్నీ మింగేవాడు. ఒక్క పూట కూడా మరిచిపోలేదు. ఎనిమిది నెలల మందు, ఆ డబ్బు, నీళ్లలో కలిసిపోయాయి. తప్పు ఆ అబ్బాయిదని నేను అనను. మనందరి బుర్రల్లోనూ ఉన్నవి ఆ రెండు గళ్లే.

ఎందుకు నీళ్లలో కలిసిందో తెలియాలంటే, మనం అన్నం తిన్నప్పుడు క్లోమం ఏం చేస్తుందో తెలియాలి.

క్లోమం జానెడు కన్నా చిన్నది, సుమారు 15 సెంటీమీటర్లు. బరువు వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ. జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ఆనుకుని అడ్డంగా పడుకుని ఉంటుంది. అందుకే దాని నొప్పి వీపులోకి పోతుంది. దాని తోక ఎడమవైపు ప్లీహం దాకా సాగుతుంది. తల కుడివైపు ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం, వంపులో, అమ్మ చేతిలో పసిబిడ్డ తలలా ఒదిగి ఉంటుంది. ఇంత చిన్న గ్రంథి రోజుకు లీటరున్నర దాకా రసం ఊరిస్తుంది. తన బరువుకు పదింతలకు పైగా. ఈ లెక్క ఏ తరగతిలో చెప్పినా వెనుక బెంచీ పిల్లలు కూడా తలెత్తి చూసేవారు.

ఇప్పుడు పళ్లెంలో వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన గోంగూర పచ్చడి ఉన్నాయనుకోండి. తాలింపు వాసన ముక్కుకు తగలగానే మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా క్లోమానికి కబురు వెళ్తుంది, కొద్దిగా రసం ఊరుతుంది. ఇది ఆరంభం మాత్రమే. అన్నం జీర్ణాశయంలో ఆమ్లంతో కలిసి మెత్తటి జావ అయి, కొంచెం కొంచెంగా ఆంత్రమూలంలోకి జారుతుంది. ఒక్కసారిగా కాదు, చిన్న చిన్న విడతలుగా, కొన్ని గంటల పాటు. ఆ పులుపు తగలగానే ఆంత్రమూలం గోడలోని కణాలు సెక్రెటిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. క్లోమం అక్కడే, ఆ గోడకు ఆనుకునే ఉంది. అయినా కబురు నేరుగా పోదు. పక్కింటికి చెప్పవలసిన మాట ఊరంతా తిరిగి వచ్చినట్టు, రక్తంతో పాటు కాలేయం మీదుగా గుండెకు పోయి, ఊపిరితిత్తులు చుట్టి, మళ్లీ క్లోమానికి చేరుతుంది. చేరగానే క్లోమం బైకార్బొనేట్ నిండిన నీటిలాంటి రసాన్ని వదులుతుంది. మనం బజ్జీల పిండిలో వేసే తినే సోడాలో ఉన్నది ఆ బైకార్బొనేటే. అది జీర్ణాశయపు ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఇది జరగకపోతే ఆ తరువాతి ఎంజైములు ఏవీ పని చేయలేవు. ముఖ్యంగా కొవ్వును కోసే లైపేజ్ ఆమ్లంలో నిలవదు.

పప్పులోని ప్రొటీన్ ముక్కలు, నెయ్యి తగిలితే అదే గోడ నుంచి ఇంకో హార్మోను వెళ్తుంది. దాని పేరు కొలిసిస్టోకైనిన్. అది రెండు పనులు ఒకేసారి చేయిస్తుంది. పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని తెప్పిస్తుంది, క్లోమం చేత ఎంజైములను విడిపిస్తుంది. అన్నంలోని పిండిపదార్థానికి అమైలేజ్, నెయ్యికి లైపేజ్, పప్పుకు ట్రిప్సిన్. పైత్యరసం నెయ్యిని సన్నటి తుంపరగా విడగొడితే లైపేజ్ ఆ తుంపరను కోస్తుంది. జీర్ణాశయం నుంచి జావ దిగుతున్నంతసేపూ కబుర్లు వెళ్తూనే ఉంటాయి, రసం వస్తూనే ఉంటుంది. జావ ఆగితే రసమూ తగ్గిపోతుంది. ఈ గ్రంథి పని అన్నంతో పాటు మొదలై అన్నంతో పాటు ముగుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు వేసుకున్న మాత్ర ఎందుకు పనికి రాలేదో ఇక నేను విడిగా చెప్పనవసరం లేదు. పప్పన్నం చాలావరకు ఎంజైము తోడు లేకుండానే ముందుకు దిగిపోయింది.

ఈ కబుర్ల సంగతి కనిపెట్టిన రోజు నాకు చాలా ఇష్టమైన రోజు. 1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం అది. అప్పటికి రష్యాలో పావ్లోవ్ మాట శిలాశాసనం. క్లోమాన్ని నడిపేవి నాడులేనని ఆయన నమ్మకం. జీర్ణక్రియ మీద పరిశోధనకే 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగులోని ఒక మెలికకు నాడుల సంబంధం పూర్తిగా తెంచి, అందులో ఆమ్లం పోశారు. కబురు మోసే తీగలే లేవు కాబట్టి క్లోమం పలకకూడదు. పలికింది, రసం వచ్చింది. అప్పుడు పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి, ఆ ద్రవాన్ని కుక్క రక్తనాళంలోకి ఎక్కించారు. కాసేపటికే మళ్లీ క్లోమరసం చుక్కలు చుక్కలుగా కారింది. రక్తంలో ప్రయాణించే రసాయనమే కబురు తెస్తోందని తేలిపోయింది. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ‘హార్మోన్’ అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు. అంటే ఈరోజు మన ఇళ్లలో థైరాయిడ్ మొదలు ప్రతి పరీక్షకూ వాడే ఆ మాట పుట్టింది ఇన్సులిన్ దగ్గర కాదు. అన్నం దిగిన పేగుకూ క్లోమరసానికీ ఉన్న సంబంధం దగ్గర పుట్టింది.

ఇక ట్రిప్సిన్. ఇది ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైము. క్లోమమే ప్రొటీన్‌తో కట్టిన ఇల్లు. మరి తన ఇంటిని తానే ఎందుకు కోసుకోదు? ఎందుకంటే క్లోమం దాన్ని ఒరలో పెట్టిన కత్తిలా ట్రిప్సినోజెన్ రూపంలో తయారుచేస్తుంది. ఒర తీసే ఎంజైము పేగు గోడ మీదే ఉంటుంది. కత్తి పేగులోకి దిగాకే ఒర ఊడుతుంది. పొరపాటున లోపలే ఒర ఊడితే పట్టుకోవడానికి క్లోమం ఒక కాపలా ప్రొటీన్‌ను కూడా తయారుచేసుకుంటుంది. ఆ కాపలా తప్పితే క్లోమం తనను తానే జీర్ణం చేసుకోవడం మొదలుపెడుతుంది. మా తమ్ముడు మంచం మీద ముడుచుకుని కూర్చున్నది ఆ నొప్పికే. 2002లో హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, వైద్యులు కలిసి, తాగుడు అలవాటు లేకుండానే క్లోమంలో రాళ్లు కట్టే ఈ ఉష్ణమండల జబ్బుకూ, సరిగ్గా ఆ కాపలా ప్రొటీన్ జన్యువులోని లోపానికీ గట్టి సంబంధం ఉందని చూపించారు. ఆ జన్యువు పేరు స్పింక్1. ఆ ఒక్క లోపమే జబ్బుకు చాలదు, ఇంకా వేరే కారణాలూ తోడవ్వాలి. అయినా నాకు ఆ సంగతి తెలిసిన రోజున రేపల్లె బస్సెక్కి వెళ్లి మా తమ్ముడికి ఎదురుగా కూర్చుని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘అక్కా, ఈ మాట మా వియ్యంకుడికి కూడా నువ్వే చెప్పు’ అన్నాడు. చెప్పాను. క్లోమం జబ్బు అనగానే ఎదుటి మనిషి నోరు వాసన చూసేవాళ్లు దయచేసి ఇది చదవాలి.

ఇన్సులిన్ సంగతి మీ వ్యాసంలో ఉంది కనుక నేను తొందరగా ముగిస్తాను. 1869లో బెర్లిన్‌లో లాంగర్‌హాన్స్ అనే విద్యార్థి సూక్ష్మదర్శిని కింద క్లోమంలో ద్వీపాల్లా విడివిడిగా ఉన్న కణాల గుంపులను చూశాడు. ఇన్సులిన్ తయారయ్యేది వాటిలోనేనని ఆయనకు తెలియదు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు వైద్యులు కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. ఆ తరువాత ముప్పై ఏళ్లు ఎందరో క్లోమాన్ని నూరి ఇన్సులిన్ తీయబోయి చేయి కాల్చుకున్నారు. క్లోమంలోని ఎంజైములు ఆ ఇన్సులిన్‌ను దారిలోనే జీర్ణం చేసేస్తున్నాయేమోనన్నది టొరంటోలో బాంటింగ్ అనే వైద్యుడికి తట్టిన ఆలోచన. 1921లో బెస్ట్ అనే విద్యార్థితో కలిసి పని మొదలుపెట్టాడు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది పడింది. ఒకే గ్రంథిలో రెండు పనులూ ఇలా పక్కపక్కనే ఉంటాయి. అన్నం తిన్నప్పుడు కూడా అవి ఒకదానికొకటి తెలియకుండా జరగవు. అదే గ్లూకోజ్‌ను రక్తంలోకి ఎక్కిస్తే వచ్చే ఇన్సులిన్ కన్నా నోటితో తాగితే వచ్చే ఇన్సులిన్ ఎక్కువ అని 1960లలో తేలింది. ఎందుకంటే అన్నం దిగుతోందని పేగు ముందే హార్మోన్ల ద్వారా క్లోమానికి చెబుతుంది. ఈమధ్య బరువు తగ్గడానికి అందరూ మాట్లాడుకుంటున్న సూదులు అలాంటి ఒక పేగు హార్మోనును అనుకరించేవే.

మా తమ్ముడికి ఇప్పుడు మధుమేహం కూడా ఉంది. క్లోమం గట్టిపడుతున్న కొద్దీ ఆ ద్వీపాలూ పోతాయి. ఇది మీరు రాసిన మధుమేహం లాంటిది కాదని ఇంటివాళ్లకు తెలియాలి. ఇన్సులిన్ తయారుచేసే కణాలతో పాటు, చక్కెర పడిపోతే పైకి లేపే గ్లూకగాన్ కణాలు కూడా పోతాయి. అందుకని ఇతనికి చక్కెర పెరగడం ఒక భయమైతే, పడిపోవడం అంతకు మించిన భయం. పోయిన మాఘంలో ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమటతో తడిసి, పిలిస్తే పలకలేదు. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని మా మరదలికి ముందే చెప్పి ఉంచాను. వేలితో చెంప లోపల తేనె రాసి, పొరుగువారి కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. దక్కాడు.

మళ్లీ మాత్ర దగ్గరకు వస్తాను, ఈ ఉత్తరం దాని కోసమే కాబట్టి. అది రాత్రి వేసుకోకూడదని నేను చెబితే మా తమ్ముడు నమ్మలేదు. ‘మందు కడుపులోకి పోతే చాలు కదా అక్కా, ఏ వేళైతే ఏమిటి?’ అన్నాడు. పారాసిటమాల్ అలవాటుతో అడిగిన ప్రశ్న అది. ఆ మాత్ర రక్తంలోకి వెళ్లి పని చేస్తుంది. ఇది రక్తంలోకి వెళ్లదు. పేగులో అన్నాన్ని పట్టుకుని, అక్కడే పని చేసి, అక్కడే అయిపోతుంది. ఇది మాటలతో కాదని వాళ్ల వంటింట్లోనే చేసి చూపించాను. బియ్యప్పిండి జావ చిక్కగా కాచి, గోరువెచ్చగా చల్లార్చి, రెండు గాజు గ్లాసుల్లో పోశాను. రెండింటిలోనూ చిటికెడు తినే సోడా కలిపాను. ఒక మాత్ర విప్పాను. లోపల గసగసాల కంటే కాస్త పెద్దవిగా, లేత గోధుమరంగు గుండ్లు ఉన్నాయి. వాటిని చెంచాతో నూరి రెండో గ్లాసులో కలిపాను. అరగంట గడిచింది. మొదటి గ్లాసులో చెంచా నిలబెడితే నిలబడే ఉంది. రెండో గ్లాసును వంచితే జావ పలచటి మజ్జిగలా జారింది. మా మేనకోడలు రెండు గ్లాసులనూ మార్చి మార్చి వంచి చూసింది. మా తమ్ముడు ఏమీ అనలేదు. ఆ రాత్రి పళ్లెం ముందు కూర్చున్నాక మాత్రల సీసా తనే తెప్పించుకున్నాడు.

నేను నూరింది జావ కోసమే. తినేటప్పుడు ఆ గుండ్లను నూరకూడదు, నమలకూడదు. వాటి మీద ఆమ్లంలో కరగని పూత ఉంటుంది. జీర్ణాశయం దాటి, ఆమ్లం విరిగిన చోటికి చేరాకే ఆ పూత కరగాలి. నూరితే ఆ పూత పోతుంది, జీర్ణాశయంలోనే లైపేజ్ చచ్చిపోతుంది. మా తమ్ముడికి వైద్యుడు చెప్పిన లెక్క పెద్ద భోజనానికి 25 వేల యూనిట్లవి రెండు, ఇడ్లీ లాంటి చిన్న తిండికి ఒకటి. మొదటిది తొలి ముద్దతో, రెండోది పప్పన్నం అయి పులుసన్నం కలుపుకునేటప్పుడు. ఎవరి లెక్క వాళ్ల వైద్యుడు చెప్పాలి, కానీ వేళ మాత్రం అందరికీ ఇదే. టీ ఒక్కటే తాగితే అక్కరలేదనుకునేవాడు. చిక్కటి పాలతో కాచిన గ్లాసెడు టీకి కూడా అవసరం పడవచ్చని తరువాత తెలిసింది. ఇంకొక మాట. ఈ మందు పంది క్లోమం నుంచి తీసేది. కొందరికి ఇది మనసును కష్టపెట్టే విషయం. ముందే చెప్పి, ఆలోచించుకోనివ్వడం వైద్యుల బాధ్యత అని నా అభిప్రాయం. మా తమ్ముడు ఒక పూట ఆలోచించి, వేసుకుంటానన్నాడు.

నెల తిరగకుండానే జిడ్డు పోయింది. ఏడాదిలో 47 నుంచి 56 కిలోలకు వచ్చాడు. అంతకుముందు చుట్టాలంతా కలిసి అతని పళ్లెంలోంచి నెయ్యి, నూనె, గుడ్డు అన్నీ తీసేశారు, కొవ్వు అరగడం లేదు కదా అని. దాంతో ఇంకా చిక్కిపోయాడు. మాత్ర సరిగా పడుతుంటే మామూలు తిండి తినవచ్చని వైద్యుడు చెప్పాడు. కొవ్వు ఒంటికి పట్టకపోతే దానితో పాటు ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా పట్టవు. చీకటి పడ్డాక గట్టు మీద నడవలేక తడుముకోవడం, ఎముకల నొప్పులు అవన్నీ దాని పుణ్యమేనని అప్పుడు అర్థమైంది. క్లోమం పనితనం నూటికి తొంభై పాళ్లు పోయేదాకా ఈ జిడ్డు కనిపించదని పుస్తకాలు చెబుతున్నాయి. అంటే కనిపించే నాటికే చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. అలాంటి మనిషికి ఇచ్చిన మందు ఒక టిక్కు వల్ల వృథా కావడం నేను ఓర్చుకోలేకపోతున్నాను.

31 ఏళ్లలో నోటిలోని లాలాజలం పిండిపదార్థాన్ని కోస్తుందని ఏటా ప్రయోగం చేసి చూపించాను. పరీక్షనాళికలో గంజి, అయోడిన్ నీలం, పిల్లల ముఖాల్లో ఆశ్చర్యం. క్లోమం దగ్గరకు వచ్చేసరికి ‘ఇది మిశ్రమ గ్రంథి, నాళ గ్రంథిగానూ వినాళ గ్రంథిగానూ పని చేస్తుంది’ అని ఒక వాక్యం రాయించి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యాన్ని నా దగ్గర చదువుకున్న వాళ్లలో కొందరు ఇప్పుడు మందుల దుకాణాల్లో ఉన్నారు. వాళ్లకు ఆ వాక్యం కంఠతా వచ్చు. అది ఒక మనిషి పళ్లెంలో ఎలా ఉంటుందో నేను చెప్పలేదు. ఆ బాధ నాకుంది. ఇప్పుడు ఆ పాఠం చెబుతున్న ఉపాధ్యాయులు దయచేసి ఆ ఒక్క పీరియడును రెండు చేసుకోవాలి.

సంపాదకులను నేను కోరేవి మూడు. మీ ఆరోగ్యం పేజీలో ఒక ఆదివారం క్లోమరసానికే కేటాయించండి. మీ బొమ్మల్లో క్లోమాన్ని, ప్లీహాన్ని ఒకదాని పేరు ఒకదానికి రాయకుండా చూడండి. ఈ మధ్య ఒకసారి అలా వచ్చింది, రెండూ పక్కపక్కన ఉన్నా వాటి పనులకు పోలికే లేదు. ఇక మందుల దుకాణాల వారికి మీ పత్రిక ద్వారా ఈ మాట చేరవేయండి. కవరు మీద ‘ముందు’, ‘తరువాత’ గళ్ల పక్కన ‘అన్నంతో పాటు’ అని మూడో గడి అచ్చు వేయించాలి. మా ఊరి దుకాణం యజమానిని అడిగితే, పాత కవర్లు అయిపోగానే వేయిస్తానన్నారు. ఇంకా రెండు వేల కవర్లున్నాయట. అప్పటిదాకా చేత్తో రాసి ఇస్తానన్నారు. నేను ఒక నీలం పెన్ను కౌంటరు మీద పెట్టి వచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
తెనాలి.